వాకిటి దీపము

పోలిపాడ్యమినాటి తెల్లవాఱుజామున మా విజయనగరమున స్త్రీలు అరటిదొప్పలలో వత్తులు వెలిగించి చెఱువునీటిలో విడిచిపెట్టుదురు. కార్తికమాసమంతయు గుమ్మమున వెలిగిన దీపమునకు అది వీడ్కోలు. నిరుడు ఆ దొప్పలు నీటిపై తూగుచు దూరమగుచుండగా, గట్టుపై నాప్రక్క నిలిచియున్న మా అమ్మాయి "నాన్నగారూ, ఇంక వచ్చే కార్తికము వఱకు దీపముల పండుగ లేదా?" అని యడిగినది. "మనకు లేదు గాని, యూదులకు ఈ చలికాలమునందే కలదమ్మా. వారు వరుసగా ఎనిమిది రాత్రులు దీపములు పెట్టుకొందురు" అంటిని. ఆమె క్షణమాలోచించి, "అయితే వారి నరకాసురుడెవరు?" అనినది.

దారిలో ఆమెకు కథ చెప్పితిని. నరకాసురుని పేరు చెప్పుట సులభమే. కాని చెప్పినకొలదియు ఆ ప్రశ్న ఆమెకంటె నాకే యెక్కువ తగిలినది. సంఘసంస్కారమును కోరువారమని చెప్పుకొను మనవంటివారు ఆ కథలో ఏ పక్షమున నిలిచియుందుము? ఈ సంశయమును చదువరుల యెదుట నుంచుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ పండుగ పేరు హనుక్కా. హీబ్రూభాషలో ఆ మాటకు ప్రతిష్ఠ యని యర్థము. మన దేవాలయములలో అపచారము జరిగినపుడు సంప్రోక్షణ చేయుదురు గదా. అట్టి సంప్రోక్షణ నొకదానిని స్మరించు పండుగ యిది. యూదుల పంచాంగము మనదానివలెనే చాంద్రమానమును సౌరమానముతో సరిపుచ్చునది. మనకువలె వారికిని అధికమాసములు కలవు. పందొమ్మిదేండ్లలో అట్టివి ఏడు వచ్చును. కిస్లేవ్ అను నెలలో ఇరువదియైదవ దినమున పండుగ ప్రారంభమగును. అది సాధారణముగా మన కార్తిక బహుళమునందో మార్గశిర బహుళమునందో పడును. అనగా చంద్రుడు క్షీణించి, అమావాస్య దాటి, మఱల సన్ననిరేఖగా కనబడువఱకు గల రాత్రులివి. మొదటి రాత్రి ఒక దీపము, రెండవ రాత్రి రెండు, ఇట్లు పెరిగి యెనిమిదవ రాత్రికి యెనిమిది దీపములగును. వానిని వెలిగించుటకు శమాష్, అనగా సేవకుడు, అను తొమ్మిదవ దీపము వేఱుగా నుండును. నూనెను స్మరించు పండుగ గావున నూనెలో వేయించిన వంటకములు చేసికొందురు. తూర్పు యూరపునుండి వచ్చినవారు బంగాళాదుంపను తురిమి అట్లు వేయుదురు. ఇజ్రాయేలులో మన బూరెను తలపించు గుండ్రని పిండివంటలో పండ్లపాకము నించుదురు. పిల్లలు నాలుగు పలకల బొంగరము త్రిప్పి ఆడుదురు. పెద్దలు వారికి చిల్లర కానుక లిత్తురు.

ఇక కథ. అలెగ్జాండరు క్రీస్తునకు పూర్వము 323లో మరణించిన పిమ్మట అతని రాజ్యము సేనానుల పాలయ్యెను. అందు సిరియా నేలిన వంశమున నాలుగవ అంతియోకసు అనువాడు క్రీ. పూ. 175లో సింహాసన మెక్కెను. యూదుల దేశము అతని యేలుబడిలో నుండెను. ఆ కాలమున గ్రీకుభాష, గ్రీకువేషము, గ్రీకువిద్య నాగరికతకు గుఱుతులు. యూదులలోనే చదువుకొన్న కొందఱు వానిని కోరిరి. యాసోను అనునాతడు రాజునకు ధనమిచ్చి ప్రధానయాజకత్వమును సంపాదించి యెరూషలేములో గ్రీకుల వ్యాయామశాల నెలకొల్పెను. అంతవఱకు అది ఇష్టమున్నవారి వ్యవహారము. 167లో రాజు శాసనము చేసెను: సున్నతి కూడదు, సబ్బాతు కూడదు, ధర్మగ్రంథము దగ్గఱనుంచుకొన్నవారికి మరణదండన. దేవాలయపు బలిపీఠమున అన్యదేవతకు బలులు జరిగెను. మోదీను అను పల్లెలో మత్తతియ యను వృద్ధయాజకుడు తిరుగబడెను. అతని కుమారుడు, మక్కబీ యను బిరుదుగల యూదా, 164లో దేవాలయమును తిరిగి గైకొని, శుద్ధిచేసి, దీపములు వెలిగించెను. అదియే హనుక్కా.

ఇచ్చట మనవంటివారు ఒక్కింత తలవంచుకొనవలసియున్నది. సంస్కృతము నేర్చి, ఇంగ్లీషు నేర్చి, పెద్దల యాచారములలో కొన్ని మూఢములని తెలిసికొని, వానిని మార్పగోరువారము మనము. యూదుల కథలో అట్టివారెవరు? మత్తతియ కాడు. ఆతడు పూర్వాచారపరాయణుడు. వ్యాయామశాలకు పోయినవారే ఆనాటి నవనాగరికులు. ఈ పండుగ దీపమును మెచ్చుకొను సంస్కారప్రియుడు తన్ను తాను ఓడించిన విజయమునకు హారతి పట్టుచున్నాడా?

ఈ సంశయమును నేను పుస్తకములనుండి తెచ్చుకొనలేదు. ఇరువది యేండ్లక్రిందట శ్రీకాకుళము జిల్లాలో లోపలి పల్లెయొకదానిలో క్రొత్తగా ఉపాధ్యాయుడనై చేరితిని. మూఢనమ్మకములను రూపుమాపుటకే నేను పుట్టితినని నాకప్పుడు గట్టినమ్మకము. నాలుగవ తరగతిలో ఒక పిల్లవాని దండకు నల్లత్రాటితో తాయెత్తు కట్టియుండెను. ఒకనాడు జ్వరములు ఎట్లు వచ్చునో పాఠము చెప్పుచు, వానిని ముందునకు పిలిచి, రేకుముక్కకు రోగము నాపు శక్తి లేదని తరగతికి బోధించి, కత్తెర యిచ్చి వానిచేతనే ఆ త్రాడు త్రెంపించితిని. పిల్లలు చప్పట్లు కొట్టిరి. వాడు ఏడ్వలేదు. మఱునాడు బడికి రాలేదు. నాలుగవనాడు వాని తల్లి వచ్చి, వసారా మెట్టుదగ్గఱ నిలిచి, లోపలికి రమ్మన్నను రాక, "ఆడికి ముందల ఇద్దరు పోనారు బాబూ. ఆ తాడు ఆడికోసం కాదు, నాకోసం కట్టుకున్నాను" అనినది. నేను నేర్చిన రెండు భాషలలోను ఆమెకు చెప్పదగిన మాట దొరకలేదు. పిల్లవాడు తిరిగి వచ్చెను. గాని నా పాఠములలో వాడు మఱి యెన్నడును చేయి యెత్తలేదు.

తాయెత్తునకు శక్తి కలదని నేను నేడును నమ్మను. నా మాట సత్యమే. ఆ సత్యమును నేను వాడిన తీరు మాత్రము అంతియోకసుది. అతని చేత సైన్యముండెను. నా చేత కత్తెరయు, తరగతిలోని ముప్పది జతల కన్నులును ఉండెను. బలముండుటయే న్యాయమను నమ్మకము ఇద్దఱిదియు నొక్కటే.

ఇందుకు కొందఱు మిత్రులు ఆక్షేపణ చెప్పుదురు. "బలవంతము లేనిదే ఏ దురాచారము పోయినది? 1829లో సహగమనమును నిషేధించినది శాసనము గాదా? 1929లో బాల్యవివాహములకు అడ్డుకట్ట వేసినది శాసనము గాదా? తల్లుల మనసు నొచ్చునని ఊరకుందుమా?" అని. ఆక్షేపణ బలమైనది, దానిని దాటిపోరాదు. కాని ఆ రెండు శాసనములును ఎవరిని రక్షించినవో చూడవలెను. చితిపై నెక్కింపబడు స్త్రీకిని, పెండ్లిపీటపై కూర్చుండబెట్టబడు పసిపిల్లకును కాదనుటకు నోరు లేదు. ఒకరి యాచారము మఱియొకరి ప్రాణమును మ్రింగుచున్నచోట శాసనము ఆ రెండవవారి పక్షమున నిలుచుట బలవంతము గాదు, బలవంతమునకు అడ్డుపడుటయే. తాయెత్తు కట్టుకొన్నవాడు ఎవరిని మ్రింగెను? ఆ తల్లి బిడ్డకు మందు మాన్పించి తాయెత్తు కట్టినయెడల, నేను చేయవలసిన పని వైద్యుని తెచ్చుట. త్రాడు త్రెంచుట కాదు. మందు లోపలికి పోయినపిమ్మట త్రాడు కాలక్రమమున దానంతట నదియే చివికిపోవును. పోకున్నను నష్టము లేదు.

ఇక రెండవ పక్షమును చూతము. మత్తతియ వంశము నిర్దోషి యని తలంచినచో చరిత్ర యొప్పుకొనదు. మోదీనులో అతని కత్తికి మొదట బలియైనవారిలో రాజాజ్ఞకు లోబడిన యూదుడొకడు కలడు. అతని మనుమడగు యోహాను హిర్కాను ఇదూమయ దేశమును జయించి, అచ్చటివారు సున్నతి పొంది యూదధర్మము నవలంబింపవలెను, లేదా దేశము విడువవలెనని నిర్బంధించెను. గెరిజీము కొండపై సమరయుల దేవాలయమును పడగొట్టెను. సున్నతి చేసికొన్నందుకు చంపబడినవారి మనుమలు, చేసికొననివారిని వెళ్లగొట్టజూచిరి. తరువాత అదే వంశమున అన్నదమ్ములు సింహాసనమునకై కలహింపగా క్రీ. పూ. 63లో రోమను సేనాని పాంపే వచ్చి యెరూషలేమును స్వాధీనము చేసికొనెను. ప్రతిష్ఠ జరిగి అప్పటికి ఇంచుమించు నూఱేండ్లు మాత్రమే.

ఈ సంగతి యూదపండితులకు తెలియనిది గాదు. వారు చేసిన పని నాకు మిక్కిలి యాశ్చర్యము గొలుపుచున్నది. మక్కబీయుల యుద్ధచరిత్రలు రెండును వారి ధర్మగ్రంథములలో చేరలేదు. గ్రీకుభాషలో, క్రైస్తవుల చేతులలో నిలిచినవి. వానిలో నూనె కథయే లేదు. కొన్ని శతాబ్దముల తరువాత సంకలితమైన తల్మూదులో పండితులు "హనుక్కా యననేమి?" అను ప్రశ్న వేసికొని, యుద్ధమును ఒక్కమాటతో దాటి, ఒక చిన్న నూనెకుండను గూర్చి చెప్పిరి. శుద్ధమైన నూనె ఒక్కదినమునకు చాలునది మాత్రమే దొరకినదట. అది యెనిమిది దినములు వెలిగినదట. నూనె ఒకదినమునకు ఎట్లును చాలును గదా, మహిమ ఏడుదినములదే గదా, పండుగ యెనిమిది దినము లేల యని పదునాఱవ శతాబ్దమున యోసేపు కారో యను పండితుడు ప్రశ్నించెను. దీనికి చెప్పబడిన సమాధానములు అనేకములు. రేపటికి నూనె లేదని యెఱిగియు మొదటినాడు వత్తి వెలిగించుటయే మొదటి మహిమ యనునది నా మనసునకు హత్తుకొన్నది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి మా జిల్లాలను దినములకొలది చీకటి చేసినప్పుడు, 2018లో తిత్లీ ఉద్దానపు కొబ్బరితోటలను నేలగూల్చినప్పుడు, ఇంట నున్న కాసింత నూనెతో గుమ్మమున దీపము పెట్టినవారిని చూచినవారికి ఈ సమాధానము వివరింప నక్కఱలేదు.

పండితులు విజయోత్సవమును దీపోత్సవముగా మార్చి యూరకుండలేదు. దీపమునకు నియమములు పెట్టిరి. షమ్మాయి శిష్యులు మొదట ఎనిమిది వెలిగించి దినమున కొకటి తగ్గింపవలె ననిరి. హిల్లేలు శిష్యులు ఒకటితో ప్రారంభించి పెంపవలె ననిరి. మంచి విషయమున ఎక్కుటయే గాని దిగుట తగదని వారి వాదము. లోకము హిల్లేలు మాట వినెను. ఈ దీపపు వెలుతురులో చదువరాదు, కుట్టరాదు, లెక్క చూచుకొనరాదు, అది చూచుటకే. దానిని వీథివాకిట నుంచవలెను, బాటసారులకు కనబడవలెను. అపాయకాలమున లోపల బల్లపై నుంచినను చాలును. పేదయింట సబ్బాతు దీపమునకో హనుక్కా దీపమునకో ఒక్కదానికే నూనె యున్నచో, సబ్బాతు దీపమునే పెట్టవలెను. ఏలయన ఇల్లు చీకటిగా నుండరాదు, ఇంటివారికి శాంతి ముఖ్యము.

ఈ నియమములలో నన్ను నిలువరించినది మఱియొకటి కలదు. అవిసెనార మోయు ఒంటె యొకటి వీథిలో పోవుచున్నది. దుకాణదారుడు వెలుపల నుంచిన దీపము ఆ నారకు తగిలి మంట లేచినది. నష్ట మెవరు భరింపవలెను? దీపము వెలుపల పెట్టినవాడే యని మిష్నా యను ప్రాచీన ధర్మశాస్త్రము. అది హనుక్కా దీపమైనచో బాధ్యత లేదని యూదా యను ఆచార్యుని మతము. కాని పండ్రెండవ శతాబ్దపు మహాపండితుడు మైమోనిదీసు తన ధర్మసంగ్రహమున, హనుక్కా దీపమైనను బాధ్యత తప్పదనియు, పెట్టినవాడు దానిచెంత కూర్చుండి కనిపెట్టుకొని యుండవలసినదనియు నిర్ణయించెను.

మన ప్రాంతమున దీనిని బోధపఱచుకొనుటకు ఒంటె యక్కఱలేదు. గోగునార మోపులు నింపుకొని నారమిల్లులకు పోవు బండ్లను చూచినవారమే గదా! దీపము పవిత్రమే. వాకిట నుంచుమనినది ధర్మమే. అయినను దారిని పోవువాని బండి దానివలన కాలినయెడల, నా దీపము పవిత్రమని చెప్పి తప్పించుకొనుటకు వీలులేదు. నేను ఆ పల్లెబడిలో వెలిగించినది దీపమే. కాలినది ఆ తల్లి బండి. నేను చెంత కూర్చుండి కనిపెట్టుకొనలేదు, చప్పట్లు వినుచుంటిని.

బలవంతము లేక దీపము వ్యాపింపదా యన్నచో, మనదేశమునందే దృష్టాంతములు కలవు. కొంకణతీరమున బెనె ఇజ్రాయేలులను యూదులు శతాబ్దములకొలది గానుగ త్రిప్పుకొని బ్రదికిరి. శనివారము గానుగ ఆపుదురు గనుక వారిని ఇరుగుపొరుగువారు "శనివారపు తెలికలు" అనిరి. సబ్బాతు నెఱిగియున్న ఆ తెలికలకు నూనె పండుగ మాత్రము తెలియదు; పదునెనిమిది, పందొమ్మిది శతాబ్దములలో కొచ్చిను మొదలగు చోట్లనుండి వచ్చిన యూదులు చెప్పగా నేర్చుకొనిరి. ఎవరును వారిపై కత్తి యెత్తలేదు.

మన తెలుగువారిలోను గుంటూరు ప్రాంతమున చేబ్రోలునకు సమీపమున కొత్తరెడ్డిపాలెములో, బెనె ఎఫ్రాయిములని చెప్పుకొను కొలదిపాటి కుటుంబములవారు 1991లో ప్రార్థనామందిరము నేర్పఱచుకొని, యూదుల సబ్బాతును పండుగలను పాటింపసాగిరి. వారు మాదిగ కులమున పుట్టి, క్రైస్తవసంఘములలో పెరిగినవారు. తమ పూర్వులు ఇజ్రాయేలు గోత్రములలో నొకటగు ఎఫ్రాయిము సంతతివారని వారి విశ్వాసము. ఈ మాట విన్న చదువరులలో కొందఱు నవ్వుట నేనెఱుగుదును. "మాదిగలకు యూదత్వమెక్కడిది?" అని యడుగుదురు. వంశమును గూర్చిన ప్రశ్న చరిత్రకారులది. వారు పరిశోధింతురు గాక. ఆ నవ్వు మాత్రము మనది. ఊరివారు పెట్టిన పేరును, ఊరివారు చూపిన చోటును తరతరములుగా మోసినవారు తమకు తామొక పేరు పెట్టుకొని, దీపము వెలిగించుకొన్నయెడల, పత్రము చూపుమని మనమేల యడుగవలెను? కొలువులోని పంతులుగారి గోత్రమునకు పత్రమడిగినవారెవరు?

సంస్కారము చేయువాని తీరు ఎట్లుండవలెనో మా ప్రాంతపు పెద్దలే చూపిరి. 1892లో ఈ విజయనగరముననే ప్రదర్శింపబడిన కన్యాశుల్కములో గురజాడ అప్పారావుగారు ఎవరి మెడపైనను కత్తి పెట్టలేదు. ఎదుట అద్దము పెట్టిరి. చూచినవారు నవ్విరి, నవ్వి సిగ్గుపడిరి. 1863లో శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరలకు చదువు చెప్పదలచి, ముందుగా తామే సవరభాష నేర్చిరి. ఆ భాషలో వాచకములు వ్రాసిరి. శిష్యుని మాట నేర్చిన పిమ్మటగాని గురువు నోరు విప్పలేదు. నేను ఆ పల్లెకు పోయినప్పుడు ఆ తల్లి మాటను నేర్చియుండినచో కత్తెర పట్టియుందునా? (వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని ఈ గ్రాంథికములో కొనియాడుచున్నందుకు ఆయన నన్ను మందలించియుండెడివారే.)

ఇట్లనుటచే సత్యమును గడపలోపల దాచుకొనుమని నా యభిప్రాయము కాదు. 1931లో జర్మనీలోని కీల్ నగరమున రబ్బీ అకీబా పోస్నర్ గారి భార్య రాహేలు తన యింటి కిటికీలో హనుక్కా దీపస్తంభము నుంచి ఛాయాచిత్రము తీసెను. ఆ చిత్రమున దీపస్తంభమునకు వెనుక, వీథి కావలివైపున, నాజీపక్షపు జెండా వ్రేలాడుచున్నది. 1933లో ఆ కుటుంబము దేశము విడువవలసివచ్చెను. ఆ దీపము ఎవరి యింటిని కాల్చలేదు, ఎవరి జెండాను చింపలేదు. వీథికి కనబడునట్లు నిలిచియుండెను. వాకిట దీపముంచుట యనగా ఇదియే. నా నమ్మకము నీకు కనబడవలెను, నిన్ను కాల్చరాదు. చూచి నీవు నీ యింట వెలిగించుకొందువో లేదో అది నీ యిష్టము.

కావున మొదట వేసికొన్న ప్రశ్నకు నాకు తోచిన సమాధానమిది. హనుక్కా కథలో మనము నిలువవలసిన చోటు వ్యాయామశాలయు కాదు, మోదీను కత్తియు కాదు. యుద్ధమును దాటిపోయి, నూనెకుండను చేతికెత్తుకొని, దారిని పోవు నారబండిని గూర్చి చింతించిన ఆ పండితుల ప్రక్కన మనకు చోటున్నది. సంస్కారమును వారెఱుగనివారు గారు. సబ్బాతునాడు ఆయుధము పట్టరాదని ఎదిరింపక గుహలలో చచ్చినవారిని చూచి, ప్రాణరక్షణకై సబ్బాతునను పోరవచ్చునని మత్తతియ కాలమువారే నిర్ణయించుకొనిరి. ఆచారము లోపలివారి కన్నీటితో మారినది. వెలుపలివాని శాసనముతో మారలేదు.

మా అమ్మాయికి ఆనాడు దారిలో అంతియోకసు పేరు చెప్పితిని. అది తప్పు గాదు, చాలదు. ఈ యేడు పోలిపాడ్యమినాడు గట్టుపై నిలిచి మఱల యడిగినచో, ఆ కత్తెర సంగతి కూడ చెప్పెదను. వినుటకు ఆమెకు వయసు వచ్చినది. చెప్పుటకు నాకును వచ్చినది. ఇంటికి వచ్చినపిమ్మట గుమ్మములో దీపము పెట్టి లోపలికి పోక, అది కొండెక్కువఱకు ఇద్దఱము దానిచెంత కూర్చుందుము.